ఏఆర్-15 మధ్యలో ఆగుతోందా? బఫర్ మార్చడం మేలా, గ్యాస్ బ్లాక్ మార్చడం మేలా?

టెక్సస్ వైపు ఉండే మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "16 అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఏఆర్-15 రైఫిల్. ఒక రౌండు పేలాక రెండోది ఎక్కడం లేదు. హెచ్2 బఫర్ వెయ్యాలా, అడ్జస్టబుల్ గ్యాస్ బ్లాక్ కొనాలా?" (హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం మీ దగ్గర తుపాకీ ఉండటాన్నే ఒప్పుకోదు. ఆ సంగతి ముందు తేల్చుకోండి.)

ముందు రెండు ముక్కలు: తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత బ్యారెల్ మీది రంధ్రం గుండా గ్యాస్ బ్లాక్‌లోకి, అక్కడినుంచి ట్యూబ్‌లో వెనక్కి వెళ్లి, ఛాంబర్‌ని (తూటా కూర్చునే గది) మూసే బోల్ట్‌నీ దాన్ని మోసే క్యారియర్‌నీ వెనక్కి తోస్తుంది. వాటి వెనక ఉండే బరువు దిమ్మే బఫర్, హెచ్2 అందులో బరువైన రకం. రెండూ పనికొచ్చే వస్తువులే. అయితే ఆ రెండూ గ్యాస్ ఎక్కువైన రైఫిల్‌కి మందు. ఇలా అడిగేవాళ్లలో చాలామంది రైఫిల్‌కి ఉన్న జబ్బు గ్యాస్ తక్కువ కావడం. అలాంటి దానికి హెచ్2 వేస్తే అప్పుడప్పుడూ ఆగేది ప్రతిసారీ ఆగుతుంది.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందంటే, రెండు జబ్బులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. గ్యాస్ చాలకపోతే బోల్ట్ మ్యాగజీన్‌లోని తూటా వెనక్కి చేరకుండానే తిరిగి ముందుకొస్తుంది, ఛాంబర్ ఖాళీగా మూసుకుంటుంది. గ్యాస్ మరీ ఎక్కువైతే బోల్ట్ ఎంత వేగంగా వెళ్లి వస్తుందంటే, మ్యాగజీన్ స్ప్రింగ్ తర్వాతి తూటాను పైకి లేపేలోపే దాటిపోతుంది. అప్పుడూ ఛాంబర్ ఖాళీయే. కాబట్టి ఏది కొనాలన్న మాటకు ముందు, రైఫిల్ ఏ వైపు ఉందో తేలాలి.

దానికి ఒక్క తూటా పరీక్ష చాలు. రేంజిలో, కళ్లద్దాలు పెట్టుకుని, మ్యాగజీన్‌లో ఒకే తూటా పెట్టి పేల్చండి. బోల్ట్ వెనక నిలబడిందా చూడండి. అయిదుసార్లు చేసి, మ్యాగజీన్ మార్చి ఇంకో అయిదుసార్లు చేయండి. ఖాళీ తూటా ఎటు పడుతోందో కూడా గమనించండి. రైఫిల్ మూతి పన్నెండు గంటల వైపు ఉందనుకుంటే, మూడు నుంచి అయిదు గంటల మధ్య పడితే ఆరోగ్యం. ఒంటిగంట వైపు దూరంగా ఎగిరి పడుతూ, తూటా అంచు ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాను లాగే కొక్కెం) పట్టి లాగిన చోట వంగిపోయి ఉంటే గ్యాస్ ఎక్కువ. బోల్ట్ నిలవక, ఖాళీ తూటా నీరసంగా కాళ్ల దగ్గర వెనక్కి రాలుతుంటే గ్యాస్ తక్కువ. పడే దిశ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, ఎజెక్టర్ (ఖాళీ తూటాను బయటికి విసిరే ముక్క) స్ప్రింగ్ అలిసిపోయినా దిశ మారుతుంది. బోల్ట్ నిలవడం, పడే దిశ, అంచు మీద గుర్తు మూడూ కలిపి చదవాలి.

తక్కువని తేలితే ఇప్పుడే ఏమీ కొనొద్దు. .223 మెత్తటి (మందు బలం తక్కువైన) తూటాల బదులు వాటికంటే బలమైన 5.56 ఒక పెట్టె కాల్చి చూడండి, బ్యారెల్ మీద 5.56 అని ఉంటేనే సుమా. బోల్ట్‌కీ క్యామ్ పిన్‌కీ (బోల్ట్‌ని తిప్పే పిన్ను) క్యారియర్ పట్టాలకీ నూనె తడి కనిపించేలా పెట్టండి. కొత్త ఏఆర్‌లు ఎండిపోయి ఆగడం మామూలే.

తర్వాత గ్యాస్ ఎక్కడ కారిపోతోందో వెతకాలి. మొదట క్యారియర్ మీది గ్యాస్ కీ, అంటే ట్యూబ్ నుంచి గ్యాస్ అందుకునే ముక్క. దాని రెండు స్క్రూలు కదలకూడదు, పక్కన లోహాన్ని పంచ్‌తో నొక్కి బిగించిన గుర్తులు ఉండాలి. కీకీ క్యారియర్‌కీ మధ్య నల్లటి మసి గీత కనిపిస్తే అక్కడే కారుతోంది. స్క్రూలను 55 నుంచి 60 ఇంచ్-పౌండ్లకు బిగించి మళ్లీ నొక్కించాలి. ఆ తర్వాత బోల్ట్ చుట్టూ ఉండే గ్యాస్ రింగులు. బోల్ట్‌ని ముందుకు లాగి, క్యారియర్‌ని బోల్ట్ మొహం మీద నిలువుగా నిలబెట్టండి. క్యారియర్ తన బరువుకే కిందికి జారిపోతే రింగులు అరిగాయి. మూడు రింగుల ఖాళీలు ఒకే వరసలోకి వస్తే రైఫిల్ ఆగిపోతుందన్న మాట మాత్రం పట్టించుకోకండి.

ఇక అసలు దొంగ, ముఖ్యంగా ఇంట్లో కూర్చిన రైఫిళ్లలో, గ్యాస్ బ్లాకే. వంకరగా కూర్చున్న బ్లాక్ అన్నమాట. చాలా బ్యారెళ్లలో గ్యాస్ రంధ్రాన్ని పాత రకం హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు) క్యాప్ ఉంటుందన్న లెక్కతో వేస్తారు. ఆ క్యాప్ మందం దాదాపు 0.025 అంగుళం, అంటే 0.6 మిల్లీమీటర్లు. క్యాప్ లేకుండా లో-ప్రొఫైల్ బ్లాక్‌ని బ్యారెల్ భుజానికి ఆనేదాకా తోసేస్తే, బ్లాక్ రంధ్రం అంత మేర వెనక్కి తప్పి, బ్యారెల్ రంధ్రం కొంత మూసుకుపోతుంది. మధ్యలో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి ఆ సందు వదలాలి. గేజ్ లేకపోతే రెండు విజిటింగ్ కార్డులు కలిపితే సుమారు అంత మందం వస్తుంది. అన్ని బ్యారెళ్లకీ ఈ సందు అవసరం లేదు, బ్యారెల్ చేసినవాళ్ల కొలతే ప్రమాణం.

ఇప్పటికే కొంత కాల్చిన రైఫిల్ అయితే సాక్ష్యం లోపలే ఉంటుంది. ఛాంబర్ ఖాళీ అని చూసుకుని బ్లాక్ ఊడదీసి, లోపలి గోడ మీద గ్యాస్ కొట్టిన నల్లటి ముద్ర చూడండి. ఆ గుండ్రం బ్లాక్ రంధ్రం చుట్టూ సమానంగా ఉంటే సరిగ్గా కూర్చుంది. ఒక పక్కకి చంద్రవంకలా ఉంటే తప్పింది, ఎటు తప్పిందో కూడా ఆ వంకే చెబుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలకు మామూలు నీలం లాక్‌టైట్ జిగురు వద్దు, అది 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. వేడికి తట్టుకునే రాక్‌సెట్ వాడితే, విప్పాల్సి వచ్చినప్పుడు నీళ్లలో నానబెడితే వదులుతుంది. బ్యారెల్ అడుగున స్క్రూ కూర్చునే చిన్న గుంట ఉంటే ఇంకా నయం.

ఇవేవీ చూడకుండా తేలిక బఫర్ వేసి, స్ప్రింగ్ చుట్లు కత్తిరించి నడిపించేవాళ్లున్నారు. నాలుగు రోజులు నడుస్తుంది. చలికి నూనె చిక్కబడగానే, రెండొందల రౌండ్ల మసి పేరుకోగానే మళ్లీ మొదటికే వస్తుంది.

గ్యాస్ ఎక్కువని తేలినవాళ్లకే మొదటి ప్రశ్న వర్తిస్తుంది. 16 అంగుళాల బ్యారెల్‌కి కార్బైన్ పొడవు గ్యాస్ (గ్యాస్ రంధ్రం ఛాంబర్‌కి దగ్గరగా ఉండే అమరిక) ఉన్నవాళ్లలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. మామూలు కార్బైన్ బఫర్ 3 ఔన్సులు, సుమారు 85 గ్రాములు. హెచ్ 3.8, హెచ్2 4.6, హెచ్3 5.4 ఔన్సుల చుట్టుపక్కల. లోపలి మూడు ఉక్కు దిమ్మల్లో ఒక్కోదాని బదులు టంగ్‌స్టన్ దిమ్మ పెడుతూ పోతేనే ఆ తేడా. బరువైన బఫర్ వచ్చిన గ్యాస్‌ని తగ్గించదు, క్యారియర్‌ని కొంచెం నెమ్మదిగా నడిపిస్తుంది, మ్యాగజీన్ స్ప్రింగ్‌కి సమయమిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ బరువే తూటాను మ్యాగజీన్ నుంచి గట్టిగా తోస్తుంది. మార్చడానికి రెండు నిమిషాలు, పనిముట్లు అక్కర్లేదు, నచ్చకపోతే పాతదే వేసుకోవచ్చు.

అడ్జస్టబుల్ బ్లాక్ పని వేరు. అది గ్యాస్‌ని మొదట్లోనే కోస్తుంది. రైఫిల్ తన్నడం తగ్గుతుంది, లోపల మసి తగ్గుతుంది. సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) పెట్టేవాళ్లకు ఇదే సరైనది, ఎందుకంటే సప్రెసర్ వెనక్కి తోసే అదనపు గ్యాస్‌ని బఫర్ బరువుతో ఎంతని ఆపగలం? కాకపోతే హ్యాండ్‌గార్డ్ విప్పాలి, గ్యాస్ ట్యూబ్ రోల్ పిన్ కొట్టాలి, పైన చెప్పిన అమరిక తలనొప్పి మళ్లీ మొదటినుంచి పడాలి.

సప్రెసర్ లేని ఒక్క రైఫిల్ ఉన్నవాళ్లు హెచ్‌తో మొదలుపెట్టి, అవసరమైతే హెచ్2కి వెళ్లండి. బిగించి మరిచిపోవచ్చు, చెడిపోయే మర ఒక్కటీ ఉండదు. తేలిక క్యారియర్లు, అడ్జస్టబుల్ బఫర్లు పోటీల్లో కాల్చేవాళ్లకి. రంధ్రాన్ని డ్రిల్‌తో పెద్దది చేయడం గ్యాస్ తక్కువైన బ్యారెల్‌కి ఆఖరి మార్గం, అదీ గన్‌స్మిత్ చేతిలోనే. పెద్దదైన రంధ్రం మళ్లీ చిన్నదవదు.

బ్లాకే కావాలనుకుంటే సర్దడం ఇలా: పూర్తిగా మూసి, ఒక్కో క్లిక్ తెరుస్తూ ఒక్క తూటా పరీక్ష చేయండి. వరసగా అయిదుసార్లు బోల్ట్ నిలబడిన చోట ఆగి, ఇంకో రెండు క్లిక్‌లు తెరవండి. మీ దగ్గరున్న తూటాల్లో అన్నిటికంటే మెత్తటి వాటితోనే ఇదంతా చేయాలి. క్లిక్‌ల లెక్క పిడి లోపల కాగితం మీద రాసి పెట్టుకోండి. మూడు, నాలుగు వందల రౌండ్లకోసారి ఆ స్క్రూని రెండు వైపులా తిప్పి మళ్లీ అదే లెక్కకు తెండి. లేదంటే మసి పట్టేసి, కావలసిన రోజున అంగుళం కదలదు.