ముగ్గురు మగపిల్లలు, బోరు నీళ్లు, ఒక ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీను: తిరుపతిలో ఏడాది అనుభవం

గత ఏడాది జూన్ మొదటి వారంలో, బడులు తెరవబోయే ముందు, మేము ఎనిమిది కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీను కొన్నాము. బిగింపుతో, స్టాండుతో కలిపి 34,500 రూపాయలైంది. అప్పటికి పదకొండేళ్లుగా వాడుతున్న సెమీ ఆటోమేటిక్ మెషీను పిండే తొట్టి తిరగడం మానేసింది, బట్టలుతకడానికి వచ్చే ఆమె మోకాళ్ల నొప్పులతో ఏప్రిల్‌లోనే పని మానుకుంది. ఇంట్లో పదిహేను, పన్నెండు, తొమ్మిదేళ్ల మగపిల్లలు ముగ్గురున్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని, మా వారికి మందుల దుకాణం ఉంది, అత్తమ్మ వయసు డెబ్బై దాటింది. "ముగ్గురూ మగపిల్లలేనా, అదృష్టవంతురాలివి" అని పెళ్లిళ్లలో అనేవాళ్లు మా దండెం ఎన్నడూ చూడలేదని నా నమ్మకం.

కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ కంపెనీకే ప్రత్యేకమైనవి కావు, బోరు నీళ్ల మీద బతికే ఏ ఇంట్లోనైనా ఏ కంపెనీ ఫ్రంట్ లోడ్ మెషీనుకైనా వచ్చేవే. మిగిలిన కొద్ది భాగం మా తొందరపాటు. కొనాలని చూస్తున్నవారికి పేరు కంటె ఈ వివరాలే ఎక్కువ ఉపయోగపడతాయని అనుకుంటున్నాను.

మొదటి చిక్కు బిగించిన రోజే వచ్చింది. మెషీనును మేడ మీద, స్నానాల గది పక్కన పెట్టించాము. మా నీళ్ల ట్యాంకు సరిగ్గా దాని పైకప్పు మీదే, మూడు మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది కనుక, మా మెషీనుకు అందింది అందులో మూడో వంతు కూడా కాదు. నీళ్లు సన్నటి ధారగా దిగుతుంటే, చాలినంత నీరు రాలేదని తెర మీద అక్షరాలు చూపించి పని ఆపేసేది. ప్రెషర్ పంపు కొనమని దుకాణంవారు సలహా ఇచ్చారు. మా వారు మాత్రం మెషీనును కింది అంతస్తులో వెనుక వరండాకు దించి పెట్టించారు, దానితో ఆ గొడవ పైసా ఖర్చు లేకుండా తీరిపోయింది. దించేటప్పుడు రవాణా కోసం వెనుక బిగించి ఇచ్చే బోల్టులను తిరిగి బిగించాలని, లేకపోతే లోపలి డ్రమ్ము ఊగి దెబ్బతింటుందని అప్పుడే తెలిసింది. ఆ బోల్టులను పారేయకుండా దాచుకోవడం మంచిది.

ఉతుకు విషయంలో నాకు ఫిర్యాదు లేదు, ఒక షరతు తప్ప. పిల్లలు రోజూ సాయంత్రం మైదానంలో ఆడి వస్తారు. ఎర్రమట్టి తడిసి ప్యాంటు మోకాళ్ల దగ్గర అట్ట కట్టినప్పుడు దాన్ని అలాగే డ్రమ్ములో వేస్తే మట్టి దారపు పోగుల్లోకి ఇంకిపోతుంది. ఎండనిచ్చి, బ్రష్షుతో దులిపి, ఆ తర్వాత నలభై డిగ్రీల నీటిలో వేస్తే తొంభై పాళ్లు పోతుంది. కాలరు మురికికి మాత్రం చేత్తో ఒకసారి సబ్బు రుద్దక తప్పదు, ఈ సంగతి ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. పసుపు మరక మరీ విచిత్రమైనది. పులిహోర డబ్బా కారి చిన్నవాడి తెల్ల చొక్కా మీద పడ్డ మరక, సబ్బు తగలగానే ఎర్రగా మారింది. నేను కంగారుపడి రెండుసార్లు ఉతికాను. క్షార గుణమున్న దేనితో కలిసినా పసుపు ఎర్రబడుతుందని, సున్నంతో కలిపితే కుంకుమ అయ్యేది అందుకేనని అత్తమ్మ గుర్తుచేసి, చొక్కాను తడిగానే ఎండలో ఆరేయించింది. మెషీను రెండు గంటలన్నర తిరిగి చేయలేని పనిని తిరుపతి ఎండ రెండు మధ్యాహ్నాల్లో చేసి పెట్టింది.

కింది భాగంలో ఒక చిన్న మూత వెనుక ఫిల్టరు ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో మెషీను ఆయుష్షు ఈ మూత తెరిచే అలవాటు మీద ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు. ఆగస్టులో ఒకనాడు నీరు బయటికి పోక, తలుపు తెరుచుకోక, లోపల మూడు యూనిఫారాలు నీళ్లలో తేలుతూ ఉండిపోయాయి. ఫిల్టరు తిప్పి బయటికి లాగితే రెండు రూపాయల నాణెం, పెన్సిలు చెక్కే బ్లేడు మర, చింతగింజలు నాలుగు, వాటి మధ్య నానిపోయిన ఒక జీడిపప్పు, ఏలక్కాయ తొక్క వచ్చాయి. కొండ నుంచి తెచ్చిన లడ్డును నడిపివాడు స్నేహితుడి కోసం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని మరిచిపోయాడట. ప్రసాదం మురుగులో కలిసిందని అత్తమ్మ లెంపలేసుకుంది. "లోపలంతా నెయ్యి వాసనొస్తా ఉంది మా" అని చిన్నవాడు సంతోషపడ్డాడు. ఆ వాసన వారం వరకు వదల్లేదు.

అసలు కష్టం నవంబరులో మొదలైంది. మా ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్లొచ్చినంత వాన కాకపోయినా, వరుసగా ఐదారు రోజులు ఎండ కనిపించని ముసురు ఏటా ఉండేదే. ఈ మెషీను నిమిషానికి 1,200 చుట్లు తిరిగి పిండుతుంది కాబట్టి బట్టలు చేతికి చెమ్మగా మాత్రమే తగులుతాయి, ఫ్యాను కింద రాత్రంతా వేస్తే ఉదయానికి తొడుక్కోవచ్చు. పాత మెషీనుతో ఇది సాధ్యమయ్యేది కాదు. ముసురు రోజుల్లో ఈ ఒక్క గుణానికే నేను పెట్టిన డబ్బులో సగం వసూలైందనుకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే, వేడి నీటి ఉతుకు పెట్టినప్పుడల్లా ఇంటి మొత్తానికి కరెంటు ట్రిప్ కావడం మొదలైంది.

సర్వీసువారికి ఫోన్ చేస్తే తొమ్మిది రోజులకు ఒక కుర్రవాడు వచ్చాడు. వెనుక పలక విప్పి హీటరును బయటికి తీసి చూపించాడు. చేతి వేలు లావున్న ఆ గొట్టం మీద, ఏళ్ల తరబడి వేడినీళ్లు కాచిన బిందె అడుగున కట్టే పెచ్చు వంటిది, తెల్లగా, గరుకుగా, పావు అంగుళం మందాన పేరుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో తడితే పలకలుగా రాలింది. దాని కింద గొట్టం ఒకచోట నల్లబడి పగిలి ఉంది. "మీ నీళ్లు ఉప్పు మేడం, ఈ వీధంతా ఇదే కథ" అన్నాడు. ఐదు నెలలకే ఇలా అవుతుందా అని అడిగితే, వేడి ఉతుకు రోజుకు రెండుసార్లు పెట్టే ఇల్లు కదా అన్నాడు, నా దగ్గర జవాబు లేకపోయింది.

నిజానికి అది ఉప్పు కాదు, వాడుకలో అలా అంటాము. భూమిలో రాళ్లలోంచి ఊరివచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీటిని వేడి చేసినప్పుడు అందులోని బైకార్బనేటు విడిపోయి కాల్షియం కార్బనేటుగా మారి, ముందుగా వేడెక్కే చోట, అంటే హీటరు మీదే, అంటుకుంటుంది. పెచ్చు మందమయ్యే కొద్దీ వేడి నీటికి చేరక గొట్టంలోనే నిలిచిపోయి చివరికి అది పగులుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 నిర్దేశించిన కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మా బోరు నీటిని పరీక్ష చేయిస్తే 480 వచ్చింది. తాగడానికీ వంటకూ కుళాయి నీరు పట్టుకుంటాము కనుక ఈ సంగతి మాకెన్నడూ పట్టలేదు. సబ్బు సరిగా నురగ రాకపోతే సబ్బునే తిట్టుకున్నాము, తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకుపోతే ఎండను తిట్టుకున్నాము.

వారంటీ రెండేళ్లున్నా, పెచ్చు కట్టి చెడిపోయిన హీటరు అందులోకి రాదని చెప్పి 2,800 రూపాయలు తీసుకున్నారు. ఆ నిబంధన వారంటీ కాగితంలో ఉన్న మాట నిజమే, మూడో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నిబంధన మీద నాకు కోపం లేదు. అమ్మేటప్పుడు ఇంట్లో ఏ నీళ్లు వాడతారని ఒక్క మాట అడగకపోవడం మీద ఉంది. డ్రమ్ము లోపల దీపం వెలుగుతుందని, ఫోనులోంచి కూడా నడపవచ్చని ఇరవై నిమిషాలు వివరించిన మనిషికి ఆ ఒక్క ప్రశ్న తోచకపోవడం ఆశ్చర్యం. ఫోనులోంచి నడిపే సౌకర్యాన్ని మేము ఏడాదిలో రెండుసార్లు వాడాము, రెండుసార్లూ పెద్దవాడు తమ్ముళ్లను బెదిరించడానికే.

ఆ తర్వాత మేము చేసిన ఏర్పాటు ఇది. నెలకొకసారి ఖాళీ డ్రమ్ములో వంద గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, వేసి అరవై డిగ్రీల మీద తిప్పుతాము. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుకు, కంపెనీ ప్యాకెట్టులో వచ్చే పొడికి పనిలో నాకు తేడా కనిపించలేదు, ధరలో మాత్రం బాగా కనిపించింది. జనవరిలో నీటి కాఠిన్యం తగ్గించే, రెసిను గుళికలున్న చిన్న సాఫ్ట్‌నర్ ఒకటి పెట్టించాము. అది నీటిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని వాటి స్థానంలో సోడియాన్ని వదులుతుంది. దాని పట్టు అయిపోయినప్పుడు కల్లుప్పు కలిపిన నీటిని పంపితే మళ్లీ పనిచేస్తుంది. మాకు పది రోజులకొకసారి ఆ పని పడుతుంది. అప్పటి నుంచి సబ్బు సగం సరిపోతోంది, తువ్వాళ్లు మెత్తబడ్డాయి, ఏప్రిల్‌లో హీటరు విప్పించి చూస్తే సన్నటి తెల్లపొర తప్ప పెచ్చు లేదు.

హీటరు పోయిన ఆ కార్తీక మాసంలోనే నా తప్పు ఒకటి జరిగింది. మా వారు అయ్యప్ప మాల వేసుకున్నారు. స్వామి బట్టలను పిల్లల మేజోళ్లతో కలిపి తిప్పడానికి అత్తమ్మ ఒప్పుకోలేదు కనుక నలభై ఒక్క రోజులూ అవి చేత్తోనే, వేరే బకెట్టులోనే ఉతికాము. ఒక రాత్రి బ్యాంకు నుంచి ఆలస్యంగా వచ్చి, చీకట్లో దండెం మీది బట్టలన్నీ ఒక్కచోటికి లాగి డ్రమ్ములో పడేశాను. వాటి నడుమ కొత్త నల్ల కండువా ఉంది. ఉదయానికి శనివారం తెల్ల యూనిఫారాలు మూడూ వాన మబ్బు రంగులో బయటికి వచ్చాయి. "స్వామి శరణం" అన్నారు మా వారు, అంతకు మించి మాల మీద ఉన్న మనిషి ఏమీ అనకూడదు కదా.

సంక్రాంతి నుంచి పరీక్షల దాకా మెషీను గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. మంచి యంత్రానికి అంతకంటె పొగడ్త లేదేమో. పెద్దవాడి పదో తరగతి చదువు, నడిపివాడి టైఫాయిడు, మార్చిలో నా ఖాతాల ముగింపు పనులు, వీటి మధ్య అది ఒక మూల తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. రాత్రి పదకొండింటికి ఆ చప్పుడు వింటూ నిద్రపోవడం మాకు అలవాటైపోయింది.

మే నెలలో మా ఊరి గ్రామదేవత గంగమ్మ జాతర అసలు పరీక్ష పెట్టింది. మొక్కు ఉన్నందున చిన్నవాళ్లిద్దరికీ జాతరలో రోజుకొకటిగా కట్టే వేషాలు కట్టించాము. బైరాగి వేషానికి ఒంటినిండా పూసిన నామం కొమ్ము, అంటే తెల్ల సుద్ద, నిక్కర్ల మీద ఎంత దట్టంగా అంటినా, చన్నీళ్లలో ఒక్కసారి జాడించగానే పాలలా కరిగిపోయింది. బండ వేషపు కుంకుమ మాత్రం నాలుగుసార్లు తిప్పినా గులాబీ రంగు మచ్చగా నిలిచిపోయింది. నిమ్మ ఉప్పు రాస్తే పసుపుగా మారుతుందేమోనని చూశాను, మారలేదు. అందులో పసుపు కంటె రంగు పొడే ఎక్కువ కాబోలు. తోటి వేషపు బొగ్గు ఇంకా మొండిది. అది బట్టను వదిలి మెషీను తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో చేరి, తర్వాతి ఉతుకులో నా చీర అంచును పట్టుకుంది. ఆ రబ్బరును ప్రతి రాత్రి పొడిగుడ్డతో తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి వదలాలన్న సూచనను అప్పటి నుంచే శ్రద్ధగా పాటిస్తున్నాము. అదే వారం బెంగళూరా మామిడి సొన మరకలు కూడా పడ్డాయి. వాటికి ఏ మెషీనూ పనికిరాదు, ఆ చొక్కాలు ఇప్పుడు సైకిలు తుడవడానికి వాడుతున్నాము.

మొత్తం మీద ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తాను. ఉతుక్కీ, పిండుకీ నాలుగున్నర. అమ్మకం తర్వాతి సేవకు రెండు, అది కూడా వచ్చిన కుర్రవాడి నిజాయితీకి. చన్నీటి ఉతుకుకు కరెంటు చాలా తక్కువ, వేడి నీటికి మాత్రం రెండు వేల వాట్ల హీటరు పనిచేస్తుంది కనుక మట్టి బట్టలకే దాన్ని వాడడం మేలు. బోరు నీళ్లున్నవారు మెషీను ధరకు సాఫ్ట్‌నర్ ధర కూడా కలిపి లెక్క వేసుకోవాలి, ఆ స్తోమత లేకపోతే చన్నీళ్లతోనే పనిచేసే టాప్ లోడ్ తీసుకోవడమే తెలివైన పని.

వార్షిక నిర్వహణ ఒప్పందం తీసుకోమని కంపెనీ నుంచి నాలుగుసార్లు ఫోన్ వచ్చింది. తీసుకోలేదు. ఫిల్టరు పని ఆదివారాలు పెద్దవాడిది, కల్లుప్పు కలపడం నడిపివాడిది, జేబులు వెతకడం చిన్నవాడిది, జేబుల్లో దొరికిన చిల్లర వాడికే చెందుతుందన్న ఒప్పందం మీద. పోయిన ఆదివారం వాళ్ల నాన్న చొక్కా జేబులో వాడికి రెండు వందల నోటు దొరికింది, ఆ వ్యవహారం ఇంకా తేలలేదు.