చైనీస్ అక్షరాలు వరస తప్పకుండా రాయడం: యాపా, గళ్ళ పుస్తకమా?

స్ట్రోక్ ఆర్డర్ నేర్పే యాప్ ఒకటి డబ్బు కట్టి కొన్నేళ్ళుగా వాడుతున్నాను, దాంతో పాటు గళ్ళ పుస్తకం కూడా. ఏ గీత తర్వాత ఏ గీత అన్నది తెలుసుకోవడానికి యాప్ బాగుంటుంది, అది చేతికి పట్టాలంటే మాత్రం కాగితం మీద దిద్దాల్సిందే.

ముందు యాప్‌లో నచ్చింది చెప్తా. వేలితో గీస్తుంటే గీత ఎక్కడ మొదలవ్వాలో, ఎటు పోవాలో అప్పటికప్పుడే పట్టేస్తుంది. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత అయ్యాకే నిలువుగీత, ఇలాంటి సూత్రాలు ఎవరికైనా తొందరగానే వచ్చేస్తాయి. వాటికి లొంగని అక్షరాల దగ్గరే దాని అవసరం తెలుస్తుంది. 'నిప్పు' అనే హువో అక్షరంలో అటూ ఇటూ ఉన్న రెండు చుక్కలు ముందు పెట్టి, మధ్యలో పొడుగు గీతలు ఆ తర్వాత గీయాలి. అదే 'చిన్న' అనే షియావ్ దగ్గరికొస్తే తిరగబడుతుంది, మధ్య గీత ముందు, పక్కవి తర్వాత. 'దేశం' అనే గువోలో చుట్టూ పెట్టె ఉంటుంది, దానికి మూడు వైపులా గీసి, లోపలిదంతా రాసి, అప్పుడు అడుగు గీతతో మూయాలి.

ఇక నచ్చనివి. మనం గీత వంకరగా గీసినా అది దాన్ని అందంగా సర్ది చూపిస్తుంది, ఆగితే చాలు హింట్ వెలిగిస్తుంది. తెర మీద అన్నీ పచ్చ టిక్కులే, తెల్ల కాగితం తీస్తే మూడో గీత దగ్గర చెయ్యి ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో హింట్లు ఆపేసి, ఖాళీ గడిలో రాసే పద్ధతి పెట్టుకుంటే కాస్త నయం, కానీ ఆ ఆప్షన్ ఎక్కడో లోపల దాచారు. ఏడాది చందా చెప్పకుండా రెన్యూ అయిపోవడం ఇంకో చిరాకు.

ఇంకొకటి, ఏ దేశం వరస నేర్పుతున్నారో ముందే చూసుకోండి. 'ఎడమ', 'కుడి' అక్షరాల పైభాగం చూడ్డానికి ఒకటే, చైనాలో రెండూ అడ్డగీతతోనే మొదలుపెడతారు, జపాన్‌లో 'కుడి'ని మాత్రం ఏటవాలు గీతతో మొదలుపెడతారు. యూట్యూబ్‌లో రెండు దేశాల వీడియోలూ కలిపి చూస్తే బుర్ర వేడెక్కుతుంది. చైనాలో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న ప్రమాణంలో 8,105 అక్షరాలకు వరస ఇచ్చారు, అక్కడి చైనీస్ నేర్చుకునేవాళ్ళకు అదే ఆధారం.

అంతా టైపింగే కదా, ఈ గోలెందుకు అని అడిగేవాళ్ళు ఉన్నారు. నాకు అసలు లాభం రాయడంలో కాదు, చదవడంలో వచ్చింది. చైనావాళ్ళు వేగంగా రాసేటప్పుడు ఒక గీత చివర నుంచి తర్వాతి గీత మొదటికి పెన్ను ఎత్తకుండా లాగేస్తారు. వరస తెలిస్తే ఆ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో కనిపిస్తుంది, తెలియకపోతే అది ఉత్త పిచ్చిగీతే. చైనావాళ్ళ మెసేజింగ్ యాప్ వీచాట్‌లో ఎవరైనా చేత్తో రాసిన చీటీ ఫొటో పంపితే ఇది బాగా తెలుస్తుంది. ఫోన్‌లో అడ్డం, నిలువు, ఏటవాలు, చుక్క, మడత అని అయిదు మీటలతో కొట్టే పద్ధతి కూడా ఉంది, అందులో వరస తప్పితే కావాల్సిన అక్షరం రావడం కష్టం. చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే రాసేవాళ్ళకు ఇంకో సంగతి, 2021 నాటి కొత్త ప్రమాణంలో చేత్తో రాయాల్సిన అక్షరాల జాబితా వేరే ఉంది, మొత్తం 1,200, అందులో మొదటి మూడు స్థాయిలకు 300.

గళ్ళ పుస్తకం సంగతికొస్తే, మొదట్లో నాలుగు గదుల గడి చాలు, మూలల నుంచి కూడా గీతలుండే ఎనిమిది భాగాల గడి తర్వాత చూసుకోవచ్చు. గడి మరీ చిన్నదైతే పదిహేను గీతల అక్షరం ముద్దయిపోతుంది, కాబట్టి పెద్ద గళ్ళవే తీసుకోండి. బజార్లో దొరక్కపోతే నెట్‌లో ఉచిత పీడీఎఫ్‌లు ఉన్నాయి, ఏ ఫోర్ కాగితం మీద ప్రింట్ తీసుకుంటే సరిపోతుంది. పలక మీద అఆలు దిద్దినట్టు ఒకే అక్షరాన్ని పేజీ నిండా నింపకండి, సగం నుంచి చెయ్యి తిరుగుతుంది గానీ మనసు ఎక్కడో ఉంటుంది. నాలుగైదు సార్లు రాసి, మూసేసి, మర్నాడు చూడకుండా రాస్తే ఎక్కువ నిలుస్తుంది.

డబ్బు పెట్టే ముందు నెట్‌లో హాంజీ రైటర్ అనే సైట్ చూడండి, ఉచితం, తొమ్మిది వేలకు పైగా అక్షరాలకు కదిలే గీతలు చూపిస్తుంది. అది చాలకపోతేనే యాప్, అదీ నెల చందాతో.