తుప్పు వదిలించే స్ప్రే: నట్లకు భేష్, సైలెన్సర్ దగ్గరే పేచీ

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేసినప్పుడు మా పాత బుల్లెట్ కూడా హ్యాండిల్ దాకా మునిగింది. ఈ డబ్బా మా ఇంటికి వచ్చింది అప్పుడే. ఇంజను సంగతి మెకానిక్ చూసుకున్నాడు. ఫుట్‌రెస్టులు, స్టాండు, చెయిన్ కవరు నేనే విప్పుకున్నాను. సాయంత్రం కొట్టి వదిలేస్తే పొద్దున్నకి పానాకి లొంగని నట్టు లేదు. వీధిలో అందరూ అడిగి పట్టుకెళ్లేవారు. కాకపోతే ఆ సన్నటి గొట్టం పోగొట్టుకుంటే మాత్రం సగం స్ప్రే గాల్లోకే పోతుంది.

మొన్నీమధ్య సైలెన్సర్ మార్చాల్సి వచ్చింది. పాత కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్లలో పొగని బయటికి తెచ్చే బెండ్ పైపు ఇంజను హెడ్‌లోకి ఊరికే దూరి ఉంటుంది, అక్కడ నట్లుండవు. దాని రెండో చివరకి సైలెన్సర్ తొడిగి క్లాంపు బిగిస్తారు. క్లాంపు తీసి లాగితే సైలెన్సర్ రాలేదు సరికదా, బెండ్ పైపే హెడ్‌లోంచి ఊడి చేతికొచ్చింది. రెండూ కలిపే దించి, జాయింటు చుట్టూ స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచాను. మళ్లీ కొట్టాను. ఊహూఁ. పైన తడుస్తోందే గానీ, వెంట్రుకంత సందులో తుప్పూ మసీ కలిసి గట్టిపడ్డ చోటికి ఆయిల్ దిగితేగా!

ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. డబ్బా చూసి నవ్వాడు. "దీంతో అవదు సార్, వేడి చూపించాలి. ముందు దాన్ని దూరంగా పెట్టండి, మంటకి అంటుకుపోద్ది." బెండ్ పైపుని చెక్కముక్కల మధ్య వైసులో బిగించాడు. గ్యాస్ మంటని సైలెన్సర్ మెడ చుట్టూ తిప్పాడు గానీ లోపలి పైపు మీద పడనివ్వలేదు. పైది వేడెక్కి సాగితేనే లోపలిదాన్ని వదులుతుందట. మంట ఆపి, చెక్కసుత్తితో చుట్టూ తట్టి, తోలు గ్లవుజులతో పట్టుకుని కుడికీ ఎడమకీ మెలితిప్పాడు. లాగడం మాత్రం లేదు. కిర్రుమని రవ్వంత కదిలింది. చల్లారనిచ్చి అప్పుడు స్ప్రే అడిగాడు. ఈసారి ఆయిల్ చక్కగా లోపలికి పాకింది. ఇంకాస్త తిప్పితే ఊడొచ్చింది. బోర్లిస్తే లోపల్నుంచి ఎండిన వరద బురద, బూడిదరంగు పొడిలా, చెప్పుల మీద రాలింది.

బెండ్ పైపు చివర ఆ కాస్త మేర క్రోమ్ నీలం తిరిగింది. క్లాంపు కింద దాగిపోయింది కాబట్టి నేను పట్టించుకోలేదు. మెరుపు పోకూడదనుకునే వాళ్లకి మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

నట్ల కోసమైతే ఈ స్ప్రే మళ్లీ కొంటాను. బిగుసుకున్న సైలెన్సర్ కోసమే అయితే, నాకైతే ఆటోనగర్ పక్కనే ఉంది, పని తెలిసిన మనిషీ ఉన్నాడు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక్కరే కూర్చుని విప్పుకునే వాళ్లకి ఈ స్ప్రే ఒక్కటే చాలని నేను చెప్పలేను. కొత్త సైలెన్సర్ తొడిగేటప్పుడు మళ్లీ బిగుసుకోకుండా జాయింటుకి కాపర్ గ్రీజు రాయించాను. దాని పనితనం మళ్లీ విప్పినప్పుడు గానీ తెలియదు.