ఆల్బర్ట్ హాల్‌లో క్రీమ్: ముప్పయ్యారేళ్ల తర్వాతి కచేరీ

క్రీమ్ అనే బ్రిటిష్ రాక్ బృందం ఉన్నది రెండేళ్ల పైచిలుకు మాత్రమే. 1966 వేసవిలో లండన్‌లో ఒక్కటైన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, బేస్ గిటారు వాయిస్తూ పాడే జాక్ బ్రూస్, డ్రమ్మర్ జింజర్ బేకర్ 1968 నవంబర్ 26న రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వీడ్కోలు కచేరీ చేసి ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కార సభలో కొన్ని పాటలు కలిసి వాయించినా, పూర్తి కచేరీకి మాత్రం 2005 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఆ ఏడాది మే 2, 3, 5, 6 తేదీల్లో అదే ఆల్బర్ట్ హాల్‌లో వాళ్లు నాలుగు రాత్రులు వాయించారు. ఆ నాలుగింటి నుంచి ఏరి కూర్చిన వీడియో అదే సంవత్సరం రెండు డీవీడీల సంపుటిగా విడుదలై, తర్వాత బ్లూ-రేగానూ వచ్చింది. దీని దర్శకుడు మార్టిన్ అట్కిన్స్.

అరవైల నాటి క్రీమ్‌ను రికార్డుల్లో విని, ఆ ఉధృతినే మళ్లీ చూడాలని కూర్చున్నవారికి మొదటి పది నిమిషాల్లోనే నిరుత్సాహం కలగవచ్చు. అప్పట్లో వేదిక మీద నిలువెత్తు మార్షల్ ఆంప్లిఫయర్ల మోతలో ఒకరి వాద్యం మరొకరికి వినిపించేది కాదని బేకర్ చాలాకాలం ఫిర్యాదు చేస్తూనే వచ్చాడు. 2005 నాటికి క్లాప్టన్‌కు అరవై, బ్రూస్‌కు అరవయ్యొకటి, బేకర్‌కు అరవయ్యైదు. బ్రూస్‌కు అంతకు రెండేళ్ల క్రితమే కాలేయ మార్పిడి జరిగింది. బేకర్‌ను కీళ్లవాతం బాధిస్తుండేది. కాలప్రమాణం (వాయించే వేగం) తగ్గింది, ధ్వని తగ్గింది. క్లాప్టన్ చేతిలో ఆనాటి గిబ్సన్ గిటారు బదులు నల్లటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఉంది. దాని నాదం పలచన, కానీ ప్రతి స్వరమూ విడివిడిగా తెలుస్తుంది. ఈ తగ్గుదలే ఈ వీడియోకు మేలు చేసిందని నా అభిప్రాయం. పాత రికార్డుల్లో ముగ్గురూ పోటీపడి ఒకరినొకరు తరుముకుంటూ వాయించినట్టుంటే, ఇక్కడ ఒకరు వాయిస్తున్నది మరొకరు విని, దానికి తగిన చోటు వదిలి, ఆ తర్వాతే అందుకుంటారు. ఆ హోరులో ఒకప్పుడు మరుగున పడిపోయిన బ్లూస్ (ఆఫ్రికన్ అమెరికన్ల సంగీతం, వీళ్ల పాటలకు మూలం) ఇప్పుడు స్పష్టంగా చెవికి తగులుతుంది.

ఆరంభం కొంచెం తడబాటుగానే ఉంది. స్కిప్ జేమ్స్ పాట ‘ఐయామ్ సో గ్లాడ్’తో మొదలుపెట్టిన ముగ్గురూ ఇంకా ఒకరి నాడి ఒకరు చూసుకుంటున్నట్టు కనిపిస్తారు. తరువాతి ‘స్పూన్‌ఫుల్’కు పట్టు దొరుకుతుంది. విల్లీ డిక్సన్ రాయగా హౌలిన్ వుల్ఫ్ పాడిన ఈ పాటను క్రీమ్ ఒకప్పుడు పావుగంట దాకా సాగదీసేది. ఇక్కడ అంత విస్తారం లేదు, దాని అవసరమూ కనిపించదు. ‘రోలిన్ అండ్ టంబ్లిన్’లో బ్రూస్ బేస్ గిటారును పక్కనపెట్టి హార్మోనికా అందుకుంటాడు; కింద ఆధార స్వరమే లేకుండా గిటారు, డ్రమ్స్, హార్మోనికా మూడూ కలిసి ఒకే లయను పట్టుకుని పరుగెత్తడం ఈ కచేరీలోని సరదా ఘట్టాల్లో ఒకటి.

అసలు ఈ వీడియో కొనడానికి ‘స్టార్మీ మండే’ ఒక్కటి చాలు. టీ-బోన్ వాకర్ రచించిన ఈ నెమ్మది బ్లూస్ పాట క్రీమ్ పాత ఆల్బమ్‌లలో లేదు కనుక, పోల్చి చూసుకోవడానికి పాత రికార్డు ఏదీ వినేవారి మనసులో అడ్డురాదు. క్లాప్టన్ గొంతు తొందరపడదు. గిటారు వంతు వచ్చినప్పుడు మొదటి ఆవర్తనంలో నాలుగైదు స్వరాలకు మించి ముట్టుకోడు. ఒక తీగను లాగి, ఆ గమకం పూర్తిగా తీరేదాకా ఆగి, ఆ తర్వాతే రెండో మాట మొదలుపెడతాడు. బేకర్ వెనక తాళాన్ని మెత్తగా తడుతుంటే, బ్రూస్ ప్రతి ఆవర్తనం చివర కొద్దిపాటి స్వరాలతో అందించే జవాబులు ఈ పాటకు ప్రాణం. క్లాప్టన్ తన సొంత బృందాలతో చేసిన వందలాది బ్లూస్ పాటల్లో నేను విన్నంతవరకు ఇంత సాంద్రత అరుదు. దానికి కారణం వెనక ఉన్న ఈ ఇద్దరేనని అనుకుంటాను. సొంత బృందంలో ఆయన యజమాని; ఇక్కడ ముగ్గురిలో ఒకడు.

బ్రూస్ విషయానికి వస్తే, ‘వి ఆర్ గోయింగ్ రాంగ్’ చూడాలి. బేకర్ మెత్తటి తలలున్న కర్రలతో టామ్‌ డ్రమ్ముల మీద అలలు అలలుగా వాయిస్తుంటే, దాని మీద బ్రూస్ గొంతు దొంగగాత్రంలోకి (ఫాల్సెట్టో) ఎక్కుతుంది. వయసు, జబ్బు రెండూ ఆ గొంతులో తెలుస్తున్నా పై స్థాయిలో శ్రుతి జారలేదు. పాత రికార్డింగ్‌లో ఇది ఒక యువకుడి విషాదంగా వినిపించేది. 2005లో దీని బరువు వేరు.

బ్రూస్, బేకర్ల మధ్య వైరం క్రీమ్ కంటే పాతది. 1963లో గ్రాహం బాండ్ బృందంలో ఇద్దరూ కలిసి వాయించారు, కలిసి తగవులూ ఆడుకున్నారు. (ఆ బృందంలో అప్పటి గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అని, చాలా ఏళ్ల తర్వాత ఆయన పక్కనే ‘రిమెంబర్ శక్తి’ బృందంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కూర్చున్నాడని ఇక్కడ గుర్తుచేయకుండా ఉండలేను.) కానీ బేస్, డ్రమ్స్ కలిసే చోట ఈ ఇద్దరికీ ఉన్న పొందిక వైరంతో చెడేది కాదని ‘పొలిటీషియన్’ పాట చూస్తే అర్థమవుతుంది.

బేకర్ సుదీర్ఘ డ్రమ్ సోలో ‘టోడ్’ కచేరీ చివరి భాగంలో, సుమారు పది నిమిషాల పాటు సాగుతుంది. రాక్ కచేరీల్లో డ్రమ్ సోలో అంటే ప్రేక్షకులు బయటికి వెళ్లి వచ్చే సమయమని ఒక చమత్కారం ఉంది. మన కచేరీల్లో తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే ఘట్టం) మొదలవగానే కొందరు లేవడం లాంటిదే అది. ఇక్కడ లేవనక్కర్లేదు. పాదాలు రెండు బేస్ డ్రమ్ముల మీద ఒక నడకను వదలకుండా పట్టుకుని ఉంటే, చేతులు దాని మీద వేరే నడకను పేరుస్తాయి. ఆ నడకలు విడిపోతూ, కలుస్తూ, మళ్లీ విడిపోతూ ఉంటాయి. బేకర్ మూలాలు జాజ్‌లో ఉన్నాయి, డెబ్బైల్లో నైజీరియాలో గడిపిన కాలమూ అతని చేతుల్లో ఉంది. వేగం కంటే అల్లిక మీదే దృష్టి.

చిత్రీకరణ సంగతి చెప్పాలంటే, 1968 వీడ్కోలు కచేరీని టోనీ పామర్ తీసిన చిత్రంతో పోల్చక తప్పదు. అందులో కెమెరా ముఖాల మీదికీ, మళ్లీ దూరానికీ దూకుతూ కుదురుగా నిలవదు. మధ్యలో వ్యాఖ్యాత వచ్చి సంగీతాన్ని వివరిస్తాడు. అట్కిన్స్ అలాంటివేమీ చేయలేదు. ఎవరు వాయిస్తున్నారో వారి చేతులను తగినంత సేపు చూపిస్తాడు, ముగ్గురి చూపులు కలిసే క్షణాలను వదిలిపెట్టడు. ప్రేక్షకులను మితంగా చూపించాడు, అదే మేలు. ధ్వని ముద్రణ కూడా శుభ్రంగా ఉంది. బ్రూస్ బేస్ స్పష్టంగా వినాలంటే టీవీ స్పీకర్లు చాలవు, హెడ్‌ఫోన్లయినా కావాలి.

లోపాలు లేకపోలేదు. ‘క్రాస్‌రోడ్స్’ను 1968 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించిన తీరు ఎరిగినవారికి ఇది నడకకు బయల్దేరినట్టుంటుంది. రాబర్ట్ జాన్సన్ రాసిన ఈ పాటకు నెమ్మది తప్పు కాదు గానీ, ఇక్కడ క్లాప్టన్ సోలో క్షేమంగా ఇల్లు చేరడమే లక్ష్యంగా సాగింది. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌తో కలిసి క్లాప్టన్ రాసిన ‘బ్యాడ్జ్’ ముగ్గురి వాద్యాలతో కాస్త పలచగా తేలిపోయింది. డీవీడీ కొన్నవారు కచేరీ మధ్యలో లేచి డిస్కు మార్చుకోవాలి.

అదనంగా ముగ్గురి ఇంటర్వ్యూలు, మూడు పాటలకు మరో రాత్రి రూపాలు ఇచ్చారు: ‘స్లీపీ టైమ్ టైమ్’, ‘వి ఆర్ గోయింగ్ రాంగ్’, ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’. ఇంటర్వ్యూలను ఒకసారి చూస్తే సరిపోతుంది. ఈ పాటలను మాత్రం ప్రధాన కచేరీ పూర్తయిన వెంటనే, అసలు రూపం ఇంకా చెవిలో ఉండగానే వినండి. ఒకే పాటలో ఏది ముందే కుదుర్చుకున్నదో, ఏది ఆ పూట పుట్టిందో అప్పుడు సులువుగా తెలుస్తుంది.