పేజీ రీడైరెక్ట్ అయ్యేదాకా స్క్రిప్టును ఆపడం: ఏది మేలు?

తిరుపతిలో యాత్రికులకు గదులు అద్దెకిచ్చే లాడ్జి బుకింగ్ సైటును, మనిషికి బదులు తానే బ్రౌజరును నడిపి పరీక్షించే స్క్రిప్టును ఉదాహరణగా తీసుకుందాం. డబ్బు చెల్లించే బటన్ నొక్కగానే బ్రౌజరు పేమెంట్ గేట్‌వేకు వెళ్లి, ఒకటి రెండు మధ్య పేజీలు దాటి, బుకింగ్ ఖరారు పేజీకి తిరిగి వస్తుంది. సర్వరు 302 అనే స్టేటస్ కోడ్‌తో పంపే మళ్లింపును (రీడైరెక్ట్‌ను) బ్రౌజరే అనుసరిస్తుంది కనుక దానితో చిక్కు తక్కువ. పూర్తిగా లోడైన తరువాత జావాస్క్రిప్ట్‌తో ముందుకు సాగే మధ్య పేజీల దగ్గరే స్క్రిప్టు గమ్యం చేరానని పొరబడుతుంది.

స్క్రిప్టును ఐదు సెకన్లపాటు ఊరికే ఆపే స్లీప్ పెట్టడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా బలహీనం. మామూలు రోజున అది కాలాన్ని వృథా చేస్తుంది. బ్రహ్మోత్సవాల రద్దీకి సర్వరు నెమ్మదించిన రోజున ఆ ఐదు సెకన్లూ చాలవు.

బ్రౌజరును స్క్రిప్టుతో నడిపే ప్లేరైట్ అనే సాధనంలోని నెట్‌వర్క్‌ఐడిల్ అనే షరతు, 500 మిల్లీసెకన్లపాటు నెట్‌వర్క్ కదలిక లేకపోతే పని ముగిసిందని భావిస్తుంది. మధ్య పేజీ కూడా అంతసేపు ఊరకుండవచ్చు కాబట్టి నేను దీన్ని నమ్మను. పరీక్షల్లో దీన్ని వాడవద్దని ప్లేరైట్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

చేరవలసిన యూఆర్‌ఎల్ కోసం ఆగడమే నా దృష్టిలో మేలైన పద్ధతి. ప్లేరైట్ లాంటిదే మరో సాధనమైన సెలీనియంలోని వెబ్‌డ్రైవర్‌వెయిట్ వేరుగా చెప్పకపోతే అర సెకనుకోసారి షరతును పరిశీలిస్తుంది; ప్లేరైట్‌లోని వెయిట్‌ఫర్‌యూఆర్‌ఎల్ సాధారణంగా 30 సెకన్ల దాకా ఓపిక పడుతుంది. అయితే షరతును ఎలా రాశామన్నదే ఇక్కడ కీలకం. యూఆర్‌ఎల్ మారితే చాలు అని రాస్తే గేట్‌వే పేజీ దగ్గరే షరతు నెరవేరిపోతుంది. ఫలానా పదం యూఆర్‌ఎల్‌లో ఉంటే చాలు అని రాసినా ప్రమాదమే, ఎందుకంటే తిరిగి రావలసిన చిరునామాను గేట్‌వేలు చాలాసార్లు తమ యూఆర్‌ఎల్ చివరనే మోస్తాయి, మనం వెతికే పదం గేట్‌వేలో ఉండగానే అక్కడ దొరుకుతుంది. అందుకే ప్రశ్నార్థకం తరువాతి భాగాన్ని వదిలి, డొమైన్‌నూ దాని తరువాత వచ్చే దారినీ (పాత్‌నూ) విడివిడిగా పోల్చాలి.

రియాక్ట్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలతో కట్టిన, ఒకే పేజీలో నడిచే అప్లికేషన్లలో యూఆర్‌ఎల్ ముందుగా మారి, విషయం తరువాత రావచ్చు. అక్కడ బుకింగ్ నంబరు తెరపై కనిపించేదాకా ఆగడం తప్పనిసరి. గేట్‌వే నుంచి తిరిగివచ్చే సందర్భంలోనూ యూఆర్‌ఎల్ సరిపోలాక ఈ రెండో షరతును జతచేయడం మంచిది. సెలీనియంలో మాత్రం దీనికోసం ఇంప్లిసిట్ వెయిట్‌ను (పేజీలో ఏ అంశాన్ని వెతికినా వర్తించే గడువును) కలపకూడదు: 10 సెకన్ల ఇంప్లిసిట్‌కు 15 సెకన్ల ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒక ఫలానా షరతు కోసమే పెట్టే గడువు) తోడైతే గడువు 20 సెకన్లకు ముగియవచ్చని దాని డాక్యుమెంటేషన్ హెచ్చరిస్తుంది. గడువు దాటినప్పుడు అప్పటి యూఆర్‌ఎల్‌ను లాగ్‌లో రాయిస్తే, స్క్రిప్టు ఏ మజిలీలో నిలిచిపోయిందో వెంటనే తెలుస్తుంది.