కాకినాడ పారాసెయిలింగ్, కోరంగి, దిండి: పండగ తర్వాత మా ప్రయాణం

కాకినాడలో 'సీ వ్యూ' అని చూసి రూము బుక్ చేసుకునేవాళ్లు ముందు మ్యాపు దగ్గరగా పెట్టి చూసుకోండి. ఊరు సముద్రాన్ని ఆనుకుని ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, హోటళ్లలో ఎక్కువ భాగం భానుగుడి, మెయిన్ రోడ్డు చుట్టుపక్కలే. బీచ్ ఏమో వాకలపూడి వైపు. ఆటోలో పావుగంట పైమాటే. మాకు ఆన్‌లైన్‌లో దొరికిన హోటల్ (పేరెందుకులెండి) 'సీ వ్యూ డీలక్స్' అంది. కిటికీ తెరిస్తే ఎదురుగా కల్యాణ మండపం, దాని మీద నీళ్ల ట్యాంకు. రిసెప్షన్‌లో అడిగితే, "పైన డాబా మీంచి కనిపిస్తుందండి, మంచు లేకపోతే" అన్నాడు కుర్రాడు, ఏమాత్రం తడుముకోకుండా. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లకి లోటు లేదు, కారు పెట్టుకోవడానికి చోటుంది. అందుకని తిట్టుకుంటూనే అక్కడే సర్దుకున్నాం.

హైదరాబాద్ నుంచి అక్క, బావ, పిల్లలిద్దరూ. భీమవరం నుంచి అమ్మా నేనూ. పండగ మూడు రోజులూ ఇల్లు కదల్లేదు. కదలకూడదు కూడా. భోగి నుంచీ కోడిపందాల బరుల దగ్గర కార్లు రోడ్డు మీదికి వచ్చేస్తాయి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమ మొత్తం కదులుతుంది, హోటళ్ల వాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు. ముక్కనుమ కూడా వెళ్లాక బయల్దేరితే అవే గదులు మామూలు రేటుకి దిగొస్తాయి.

ఈ ప్రయాణానికి మూలం మా మేనల్లుడు. సంక్రాంతి సీజన్‌కి బీచ్‌లో పారాసెయిలింగ్ పెట్టారని ఎక్కడో వీడియో చూశాడు. ఇక వాడికి గారెలు లేవు, గంగిరెద్దులు లేవు, అదే మాట. నేను ఇంతకుముందు ఆఫీసు వాళ్లతో గోవా వెళ్లినప్పుడు ఒకసారి ఎక్కాను కాబట్టి పెద్దమనిషి హోదాలో నన్నే ఏర్పాట్లు చూడమన్నారు. బావ అప్పటికే ఎవరో ఏజెంటుకి ఫోన్‌పే కొట్టేశాడు. స్లాటు పొద్దున ఎనిమిదిన్నర.

ఎనిమిదిన్నరకి వెళ్తే పారాచూట్ ఇసకలో మూటలా పడి ఉంది. కుర్రాళ్లు పొట్లాలు విప్పుకుని ఇడ్లీ తింటున్నారు.

"ఇప్పుడు లేవదండి. గాలి నేల మీంచి పోతోంది" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"మరి ఎనిమిదిన్నరకి రమ్మని ఎందుకు చెప్పారయ్యా?" బావకి అప్పటికే బీపీ లేస్తోంది.

"మేం చెప్పలేదండి. ఎవరికి కట్టారో ఆయన్ని అడగండి."

అడిగితే ఆయన ఫోను ఎత్తలేదు. నేరుగా బీచ్‌లో కడితే మనిషికి మూడు నాలుగు వందలు తక్కువని తర్వాత తెలిసింది. బావ ముందు ఆ సంగతి ఎవరూ ఎత్తకండి.

కుర్రాడు చెప్పిన గాలి లెక్క మాత్రం నిజం. రాత్రంతా నేల చల్లబడుతుంది కాబట్టి పొద్దున పూట గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఎండెక్కి ఇసక వేడెక్కాక అది తిరగబడి సముద్రం మీంచి ఒడ్డుకి వస్తుంది. ఇక్కడ మనిషిని ఇసక మీద నిలబెట్టి, ముందు స్పీడ్ బోటుతో లాగి లేపుతారు. పారాచూట్ నిండాలంటే గాలి ఎదురు రావాలి, వెనక నుంచి తోస్తే అది ముందుకు కూలబడుతుంది. గోవాలో నేను ఎక్కింది వేరే పద్ధతి. బోటు వెనకే ఒక బల్ల ఉంటుంది, అక్కడ కూర్చోబెట్టి, విన్చ్ (తాడు చుట్టే యంత్రం) మీదున్న తాడు కొంచెం కొంచెంగా వదులుతారు. బోటే గాలికి ఎదురు తిరుగుతుంది కాబట్టి వేళతో అంత పేచీ లేదు, దిగేటప్పుడు ఇసకలో పడే పనీ లేదు. ఖర్చు ఎక్కువ, కానీ పిల్లలకీ పెద్దవాళ్లకీ అదే నయం.

గాలి తిరిగేదాకా కూర్చోవాల్సి వచ్చింది. అమ్మ గవ్వలు ఏరుకుంది. అక్క మిరపకాయ బజ్జీల బండి దగ్గర సెటిలయింది. నేను తాడు దగ్గరికెళ్లాను. 2021 నవంబరులో డయ్యూ నాగోవా బీచ్‌లో తాడు తెగి ఒక జంట సముద్రంలో పడిపోయిన వీడియో గుర్తుందా? లైఫ్ జాకెట్లు ఉండబట్టి బయటపడ్డారు. అప్పట్నుంచీ ఇలాంటివి ఎక్కేముందు నా చూపు పారాచూట్ రంగుల మీదికి పోదు, తాడు మీదికే పోతుంది. ఉప్పు నీళ్లు, ఎండ, ఇసక రాపిడి, మూడూ కలిసి నైలాన్‌ని తినేస్తాయి.

"తమ్ముడూ, ఈ తాడు ఎప్పటిది?" అని అడిగాను. కోప్పడతాడనుకుంటే, కొస తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఈ ముడి దగ్గరేనండి ఎక్కువ నలిగేది. అందుకే ఇక్కడ నాలుగైదు అడుగులు ఎప్పటికప్పుడు కోసి పారేసి మళ్లీ ముడేస్తాం."

చూస్తే కోసిన చోట పోగులు కొత్తవి, తెల్లగా ఉన్నాయి. హుక్కు దగ్గర తుప్పు లేదు. నడుముకీ తొడలకీ కట్టే పట్టీల్లో ఒకదాని కుట్టు మాత్రం ఊడుతోంది. అది చూపిస్తే మారుమాట లేకుండా పక్కన పడేశాడు. సగం టెన్షన్ అక్కడే తగ్గింది. కానీ ఎవరికైనా గుండె జబ్బు ఉందా, నడుము నొప్పా, కడుపుతో ఉన్నారా అని ఒక్క ముక్క అడగలేదు. గోవాలో అడగనే లేదు, కాగితం మీద సంతకం మాత్రం పెట్టించుకున్నారు. రెండు చోట్లా మన ఆరోగ్యం మనదే.

పదకొండు దగ్గర పడుతుంటే గాలి తిరిగింది. ఇద్దరు కుర్రాళ్లు పారాచూట్ అంచులు చెరోవైపు ఎత్తి పట్టుకున్నారు, అది ఒక్కసారిగా నిండింది. "పరిగెత్తండి, కూర్చోవద్దు" అని అరిచారు. నాలుగడుగులు వేశానో లేదో, ఐదో అడుక్కి కింద ఇసక లేదు. పట్టీలు తొడల్లోకి గట్టిగా దిగాయి. బోటు చిన్నదైపోయింది. తాడు 100 మీటర్లు వదులుతామని చెబుతారు గానీ, అంత ఎత్తుకు పోతామని కాదు. తాడు ఏటవాలుగా ఉంటుంది, 30 డిగ్రీల్లో ఉంటే ఎత్తు అందులో సగమే. ఆ సగమే చాలు.

పైనుంచి చూసినదాంట్లో నాకు బాగా నచ్చింది నీళ్ల రంగు. ఒడ్డు పొడవునా గోదావరి ఒండ్రు కలిసిన మట్టి రంగు, కొంచెం లోపలికి పసుపు కలిసిన ఆకుపచ్చ, ఆ తర్వాతే అసలు సముద్రం. దక్షిణం వైపు పోర్టు క్రేన్లు, దూరంగా లంగరేసిన ఓడలు. కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు, బియ్యం బస్తాలు బార్జీల్లో నడిసముద్రానికి తీసుకెళ్లి ఎక్కిస్తారు. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. బస్తాల మీద టార్పాలిన్ కప్పుకుని బార్జీ ఓడ వైపు పోతుంటే పైనుంచి చూడటం ఇదే మొదలు. ఆ వెనకాల హోప్ ఐలాండ్ సన్నటి గీతలా కనిపించింది. 16 కిలోమీటర్ల పొడవుందంటారు, అంతా గోదావరి తెచ్చిపోసిన ఇసకే. పెద్ద అలల్ని అదే కాచుకుంటుంది, అందుకే కాకినాడ అఖాతంలో నీళ్లు అంత నెమ్మది. గోవాలో ఇంకా ఎత్తుకు పోయాను గానీ, కింద చూసింది ఏదీ నాది అనిపించలేదు.

బోటు మలుపు తిరిగినప్పుడు తాడు వదులై కిందికి జారతాం. కడుపులో దేవినట్టవుతుంది. అది తెలిసి ఎక్కండి. దిగేటప్పుడు ఒడ్డున జెండా ఊపుతారు, కుడివైపు పట్టీ లాగి పట్టుకోవాలి. నేను లాగాను, వాళ్లు పట్టుకున్నారు, అయినా కూర్చుని దిగాను. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. సుమారు రెండు వేలకి అదీ లెక్క.

మేనల్లుడి దగ్గర పేచీ వచ్చింది. బరువు తక్కువ కాబట్టి ఒంటరిగా పంపరు. అది సబబే. "మా వాడు వెనకాల వస్తాడండి" అన్నారు. ఆ వెనకాల వచ్చేవాడికి పట్టీ ఉండదు, జాకెట్ ఉండదు, పారాచూట్ తాళ్లు పట్టుకుని వేలాడతాడు. చాలా బీచ్‌లలో ఇదే తంతు, జనం చప్పట్లు కూడా కొడతారు. వాడు జారితే పిల్లాడి సంగతి తర్వాత, ఆ కుర్రాడి సంగతేంటి? నేను ఒప్పుకోలేదు. ఇద్దరికి కట్టే పట్టీలు ఉన్నాయా అని అడిగితే జీపు వెనక నుంచి తీశారు. అడిగితేనే తీశారు, అదీ నా ఫిర్యాదు. అక్కా వాడూ కలిసి ఎగిరారు. అక్క దిగాక నీళ్లు తాగి, "ఇంకోసారి పంపుతారా?" అంది.

బావ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నీళ్ల మీద తెల్లటి నురగలు లేచాయి, పారాచూట్ పట్టుకున్న కుర్రాళ్లే ఇసకలో జారుతున్నారు. పెద్దవాడు చెయ్యి అడ్డంగా ఊపేశాడు. క్యూలో ఇంకా పదిహేను మంది ఉన్నారు, ఒకాయన ఎక్కువిస్తానని కూడా అన్నాడు. ఆయ్, కుదరదండి, రేపు రండి, అంతే. బావ డబ్బుల్లో వాళ్ల వాటా వెనక్కిచ్చారు. ఏజెంటు కమిషన్ మాత్రం సముద్రంలో కలిసింది. 2019లో కచ్చులూరు బోటు ప్రమాదం చూసిన ఏ గోదావరి వాడికైనా, డబ్బు వస్తుంటే కూడా వద్దని చెప్పే మనిషి విలువ తెలుస్తుంది. మళ్లీ పెడితే నేను వీళ్ల దగ్గరే ఎక్కుతాను. సీజన్ కాని రోజుల్లో ఇవేవీ ఉంటాయనుకోకండి, కనుక్కుని వెళ్లండి.

భోజనం సుబ్బయ్య హోటల్లో. ఆకు నిండా వడ్డించి, ఇంకా వేసుకోమని వెంటపడతారు. ఆ తర్వాత ఇంకేం చూసినా ఆవలింతలే కాబట్టి, ఆ పూట వేరే ప్రోగ్రామ్ పెట్టుకోవద్దు. కోటయ్య కాజా దారిలో కొన్నాం. గొట్టం కాజా కొరికితే పాకం చొక్కా మీద పడుతుంది, కారులో తినకండి. అమ్మకి ఉప్పాడ చీర కావాలి. వెళ్లాం, చూసింది, బేరం కుదరక రెండు దుకాణాలు మారి కొంది. జాందానీ నేత మగ్గం మీద చూడటం బాగుంటుంది గానీ, ఆ బీచ్ రోడ్డు తుపానులకి ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో రాళ్ల కుప్పలే చెబుతాయి. రాత్రిపూట అటు వద్దు.

నన్నడిగితే పారాసెయిలింగ్ కన్నా కోరంగి మిన్న. డబ్బుల్లో పోలికే లేదు. ఊరి నుంచి యానాం రోడ్డులో అరగంట, మడ అడవి మధ్య చెక్కల వంతెన. కింద బురదలోంచి మడ చెట్ల వేళ్లు గాలి కోసం మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. కాసేపు కదలకుండా నిలబడితే ఒక్కో కన్నంలోంచి ఒక్కో పీత బయటికొస్తుంది, ఒక డెక్క చిన్నది, ఒకటి ఒంటికి మించినంత పెద్దది. పెద్దదాన్ని పైకెత్తి ఊపుతుంది. మా మేనకోడలు ఆ పీతల దగ్గర నిలబడినంతసేపు ఫోను బయటికి తీయలేదు. బావురుపిల్లి ఈ అడవిలోనే ఉంటుంది, పగటిపూట కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బోటు షికారు పోటు మీద ఆధారపడి ఉంటుంది. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, కాలువలో నీళ్లు ఉండవు, టికెట్ కౌంటర్ దగ్గర కూర్చోబెడతారు. ఎప్పుడు పోటు వస్తుందో ముందు రోజే అడిగి తెలుసుకోండి.

అక్కడి నుంచి యానాం, బాలయోగి వారధి మీద గౌతమి దాటి ఎదుర్లంక, మురమళ్ల, అమలాపురం, రాజోలు, అంతా 216 జాతీయ రహదారి. అంబాజీపేట వైపు పక్కకి తిరిగి పొట్టిక్కలు తిన్నాం. పనసాకు దొప్పల్లో ఉడికిన ఇడ్లీ వాసన, కొబ్బరి పచ్చడి. ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా చవకైన టిఫిన్ ఇదే.

దిండిలో ఒక ప్రైవేట్ రిసార్టులో దిగాం. గోదావరి గట్టు, కొబ్బరి తోట, ఫోటోల్లో ఉన్నది ఉన్నట్టే. సర్వీసు మాత్రం నత్తనడక. దుప్పట్లు అడిగిన గంటకి, టీ అడిగిన రెండు గంటలకి. చేపల పులుసు బాగా చేశారు, అది కూడా చెప్పాలి. హౌస్‌బోట్‌లో రాత్రి బస చేయాలని అక్క సరదా. చేశాం. చీకటి పడ్డాక బోటు ఒడ్డునే కట్టేస్తారు. జనరేటర్ మోత, దోమలు, ఏసీ ఆగుతూ నడుస్తూ. వశిష్ఠ మీద సాయంత్రం తిరిగిన ఆ రెండు మూడు గంటలే అసలు సరదా, అందుకు పగటి షికారు టికెట్ చాలు. రాత్రికి గదే సుఖం.

చివరగా అంతర్వేది. స్వామి దర్శనం తొందరగానే అయింది. భీష్మ ఏకాదశి కల్యాణానికైతే కాలు పెట్టే చోటుండదు. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది సముద్రంలో కలిసేది చూడండి, దిగకండి, అక్కడ నీళ్ల లాగుడు ఎక్కువ. తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని కూడా నది దాటించే పెద్ద పడవ) ఎక్కాం, కారుతో సహా. ఇంజిన్ వాసన, మేకలు, మోటార్ సైకిళ్లు, కొబ్బరి బోండాల బస్తాలు, అన్నిటి మధ్య వశిష్ఠ దాటి నర్సాపురం. రైలు అక్కడే కాబట్టి అక్కావాళ్లకి సులువైంది. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి, దానికి గంట పైనే పడుతుంది. వర్షాకాలం వెళ్లేవాళ్లు రైలు టైము ఆ లెక్కతో పెట్టుకోండి.