స్ప్లాష్ మౌంటెన్ పోయి టియానా వచ్చాక: రెండు పార్కుల్లో ఒకే రైడు

ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనూ, కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లోనూ దశాబ్దాల పాటు నడిచిన, పడవలో కాలువ మీద సాగి చివర ఎత్తు నుంచి జారే స్ప్లాష్ మౌంటెన్ రైడును 2023లో మూసివేసి, అదే కాలువ మీద, అదే జారుడుతో, డిస్నీ చిత్రంలోని రాకుమారి టియానా కథతో, టియానాస్ బాయూ అడ్వెంచర్ పేరుతో 2024లో మళ్ళీ తెరిచారు. ఫ్లోరిడాలో జూన్ 28న, కాలిఫోర్నియాలో నవంబరు 15న ఇది మొదలైంది. మార్పు సంగతి 2020 జూన్‌లో ప్రకటించిన నాటి నుంచి అభిమానులు రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటున్నారు. పాత రూపాన్ని రెండు చోట్లా చూసి, కొత్తదాన్ని కూడా రెండు చోట్లా ఎక్కిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం పూర్తిగా ఏ పక్షానికీ నచ్చకపోవచ్చు. మార్చడం సబబే. అయితే కొత్త కథలో పడవ ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు గట్టి జవాబు లేదు. పైగా ఆ కథ కాలిఫోర్నియాలో ఒదిగినంతగా ఫ్లోరిడాలో ఒదగలేదు.

మార్చవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. పాత రైడులోని కుందేలు, నక్క, ఎలుగుబంటి 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ చిత్రంలోని పాత్రలు. అంతర్యుద్ధం తరువాతి దక్షిణాది తోటల జీవితాన్ని, అక్కడి నల్లజాతివారి బతుకును అందంగా, బాధ లేనట్టుగా చూపిందన్న విమర్శ ఆ చిత్రం మీద మొదటి నుంచీ ఉంది. దానిని అమెరికాలో ఇళ్ళలో చూసుకునే వీడియోగా డిస్నీ ఎన్నడూ విడుదల చేయలేదు. తాను అమ్మడానికే జంకిన చిత్రాన్ని పిల్లలు బారులు తీరి ఎక్కే రైడుగా నిలిపి ఉంచడంలో పొంతన లేదు. పాత రైడు అభిమానులు దీనికి చెప్పే జవాబులో కూడా బలం లేకపోలేదు. చిత్రం ఎలాంటిదైనా, ఆ కుందేలు కథలు నల్లజాతివారు తరతరాలుగా నోటిమాటగా చెప్పుకున్నవే, వాటి మూలాలు ఆఫ్రికా దాకా వెళతాయి, రైడులో మనుషుల పాత్రలే లేవు అని వారంటారు. ఆ మాట నిజమే గాని, రైడులో వినిపించే పాట, కనిపించే ముఖ్య పాత్రల రూపాలు జానపదం నుంచి కాక నేరుగా ఆ చిత్రం నుంచే వచ్చాయి కదా.

ఇక ఎక్కిన అనుభవం దగ్గరికి వస్తాను. పాత రైడులో చివరి ఎత్తుకు పడవ ఎక్కుతున్నప్పుడు చుట్టూ చీకటి కమ్మేది. నెత్తి మీద రెండు రాబందులు కూర్చుని ఎగతాళి చేసేవి. పక్కన గోడలో నక్క తన చేతికి చిక్కిన కుందేలును పొయ్యిలో వేయబోతూ కనిపించేది. తనను ముళ్ళపొదలోకి మాత్రం విసరవద్దని కుందేలు వేడుకునేది, నక్క మోసపోయి సరిగ్గా అక్కడికే విసిరేది, ఆ విసురుతోనే దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి మనం కూడా ముళ్ళపొదలోకి పడేవాళ్ళం. కథ ముడి విడిపోయే క్షణమూ, కడుపులో దడ పుట్టే క్షణమూ ఒకటే కావడం ఆ రైడు గొప్పతనం. దాని ఊహ 1983లో టోనీ బాక్స్టర్ అనే డిస్నీ రూపకర్తకు కారులో పనికి వెళుతూ ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు వచ్చిందట. అమెరికా సింగ్స్ అనే పాత ప్రదర్శనలోని యంత్రపు బొమ్మలను తెచ్చి వాడడంతో, 1989లో కాలిఫోర్నియాలో తెరిచినప్పుడు ఆ గుహలన్నీ పాడే జంతువులతో కిక్కిరిసి ఉండేవి.

కొత్త కథ 2009 నాటి ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ చిత్రం ముగిసిన తరువాత మొదలవుతుంది. మార్డి గ్రా అనే న్యూ ఆర్లీన్స్ పండుగ సంబరానికి వాద్యబృందం కావాలి, టియానా మనల్ని వెంటబెట్టుకుని బాయూ అనే చిత్తడి నేలలో వెతుకుతుంది, మంత్రగత్తె మామా ఓడీ మంత్రం వేసి మనల్ని కప్పంత చేస్తుంది, చివరి ఎత్తులో మళ్ళీ మామూలు మనుషులను చేసి కిందికి వదులుతుంది. అడ్డుపడే శత్రువు గాని, ఏమవుతుందోనన్న గుబులు గాని లేవు. ఈ చిత్రంలోని దుష్ట మాంత్రికుడు ఫసిలియేను తీసుకోలేదని చాలామంది ఫిర్యాదు. అతనే కావాలని నేను పట్టుబట్టను, కాని ఆ పడడానికి ఏదో ఒక గట్టి కారణం కావలసింది. మధ్యలో, ముఖ్యంగా కప్పలంతైన తరువాతి భాగంలో, పడవ సాగుతున్నా చూడడానికి పెద్దగా ఏమీ లేని మలుపులు కొన్ని ఉన్నాయి. ఉప్పు గని మీద టియానా నడిపే సహకార సంస్థ కథను క్యూలోని కాగితాలు, కార్యాలయం, వంటగది ఓపికగా చెబుతాయి గాని, పడవ ఎక్కాక ఆ కథతో ఏ పనీ పడదు.

అయినా బొమ్మల పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. టియానా మొదటిసారి కనిపించే చోట పడవ కాస్త నెమ్మదిస్తుంది. ఆమె నోరు మాటలకు తగినట్టు కదలడం మామూలే. మాట్లాడుతూ బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడం, వేళ్ళు విడివిడిగా కదలడం చూస్తే మాత్రం పాత గుహల్లో తల ఊపుతూ పాడిన జంతువులకూ దీనికీ మధ్య ఎంత కాలం గడిచిందో తెలుస్తుంది. ప్యాంటు తొడిగిన ఆ వేషం కూడా వివాదమే, రాకుమారికి గౌను ఏదని అడిగినవారున్నారు. బురద నేలలో తిరిగే మనిషికి ఆ వేషమే నయమనిపించింది. పైగా ముగింపులో గౌను ఎలాగూ ఉంది. ఆ ముగింపు సంబరం, పి. జె. మోర్టన్ రాసిన కొత్త పాట, పాత రైడు చివర పడవ మీద జంతువులు పాడే సంబరానికి ఏ మాత్రం తీసిపోవు.

స్థలం విషయంలో రెండు పార్కులూ సమానం కావు. కాలిఫోర్నియాలో ఈ రైడు లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని తలపించేలా కట్టిన, 1966 నుంచి ఉన్న న్యూ ఆర్లీన్స్ స్క్వేర్‌కు ఆనుకుని ఉంటుంది. ఇనుప వరండాలు దాటి, 2023లో తెరిచిన టియానాస్ ప్యాలెస్ భోజనశాలలో గంబో అనే పులుసు తిని, కొద్ది అడుగులు నడిస్తే బాయూ వస్తుంది. ఆ ప్రాంతం పేరు కూడా క్రిటర్ కంట్రీ నుంచి బాయూ కంట్రీగా మార్చారు. ఫ్లోరిడాలో అదే కొండ పశ్చిమ సరిహద్దును తలపించే ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో, గని రైలు నడిచే ఎర్ర కొండల పక్కన ఉంది. లూసియానా చిత్తడి నేల అక్కడికి ఎలా వచ్చిందో నీటి ట్యాంకు మీద పెట్టిన కిరీటం చెప్పలేదు. కూర్చునే తీరులో మాత్రం ఫ్లోరిడాదే సుఖం. అక్కడ వరుసకు ఇద్దరు కూర్చుంటారు, కాలిఫోర్నియాలో ఒకరి వెనుక ఒకరు కాళ్ళు చాపి కూర్చోవాలి. ఎత్తు నిబంధన రెండు చోట్లా 40 అంగుళాలే. ముందు వరుసలో కూర్చున్నవారు పొడిగా దిగుతామన్న ఆశ వదులుకోవాలి.

బసకు కాలిఫోర్నియా చాలా తేలిక. హార్బర్ బులవార్డ్ అవతలి వరుసలో డిస్నీవి కాని హోటళ్ళ నుంచి అయిదు పది నిమిషాల్లో గేటుకు నడిచి వెళ్ళవచ్చు, కాబట్టి తడిసిన బట్టలు మార్చుకుని తిరిగి రావడం కూడా కష్టం కాదు. ఫ్లోరిడాలో ఆ వీలు తక్కువ. పార్కు బయట మేము మొదట దిగిన హోటల్ ఉచిత షటిల్ అని చెప్పి రోజుకు కొన్ని మాత్రమే నడిపింది, అవి కూడా ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ దగ్గర దించేవి, అక్కడి నుంచి మోనోరైలో, ఫెర్రీయో పట్టుకోవాలి. తరువాత మారిన పోర్ట్ ఆర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్ డిస్నీ మధ్య తరగతి బసల్లో చిన్నది, అందువల్ల గది నుంచి బస్సు దాకా నడక తక్కువ. న్యూ ఆర్లీన్స్ వాతావరణం రైడు ఉన్న చోటి కంటే అక్కడే ఎక్కువ ఉంది. నది మీద పడవలో డిస్నీ స్ప్రింగ్స్ వరకు వెళ్ళడం బాగుంటుంది.

ఫ్లోరిడాలో డిస్నీ బసలో ఉన్నవారికి దొరికే అరగంట ముందస్తు ప్రవేశాన్ని ఈ రైడుకని లెక్కవేసుకోవద్దు. ఆ సమయంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ మాత్రమే తెరిచి ఉంటాయి. అసలు లాభం, డబ్బు కట్టి పొట్టి క్యూలో వెళ్ళనిచ్చే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌లో ఉంది, బసలో ఉన్నవారు ఏడు రోజుల ముందు, మిగిలినవారు మూడు రోజుల ముందు సమయం ఎంచుకోవచ్చు. అది కొనదలచుకోకపోతే ఎండ పూర్తిగా ఎక్కక ముందే వెళ్ళడం మంచిది, మధ్యాహ్నం ఉక్కలో నీటి రైడుకు పట్టే క్యూ గురించి వేరే చెప్పనక్కరలేదు.

పాత రైడే కావాలనేవారికి టోక్యో డిస్నీల్యాండ్‌లో 1992 నుంచి నడుస్తున్నది ఉంది. ఆ పార్కు డిస్నీది కాదు, లైసెన్సుతో నడిపే ఓరియంటల్ ల్యాండ్ కంపెనీది. కుందేలు అక్కడ జపనీస్‌లో మాట్లాడుతుంది గాని, ఏ ఎత్తు నుంచి ఎందుకు పడుతున్నామో తెలుసుకోవడానికి ఆ భాష రానక్కరలేదు.